చిట్టీ కింద రెండక్షరాలు

నల్లకుంట, హైదరాబాదు.

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది.

నీ రెండు పుస్తకాలూ, మూడవదాని రాతప్రతీ, వాటితో పాటు నీ ఉత్తరమూ అందాయి. ఉత్తరాన్ని పక్కన పెట్టి ముందు పుస్తకాలు తెరిచాను. బర్కత్‌పురాలోని ఆ పాత మూడంతస్తుల ఇంట్లో అద్దెకుండే ముగ్గురు పిల్లలూ, ఒకసారి గోల్కొండ మెట్ల మీద, ఇంకోసారి కోఠీలోని పాత పుస్తకాల దొంతరలో వాళ్ళకు దొరికే చిట్టీలూ, ఆ చిట్టీల అడుగున ‘చి. రా.’ అన్న రెండక్షరాలూ నన్ను తెల్లవారేదాకా కూర్చోబెట్టాయి. ఆ తరువాతనే నీ ఉత్తరం చదివాను. ఆరవ తరగతి చదివే ఒక పాప ‘చి. రా. అంటే పైవాటాలో ఉండే మామ్మే కదండీ’ అని నీకు రాసిందనీ, ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా అదే మాట అంటున్నారనీ, అందువల్ల మూడవ పుస్తకంలో ఆ రహస్య వ్యక్తిని మామ్మ కాకుండా వాచ్‌మన్‌ను చేసెయ్యాలనుకుంటున్నావనీ అందులో ఉంది. అలా మార్చవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకసారి మార్చి చూసినవాణ్ణి కనుక, ఎందుకు వద్దో వివరంగానే రాస్తాను.

నలభై ఏళ్ళ కిందటి సంగతి ఇది. ఒక పిల్లల మాసపత్రికకు, 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద మీద ధారావాహిక రాస్తున్నాను. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఆనాడు దాదాపు 150 మంది ప్రాణాలు నిలిపిందని ఈ నగరంలో చెప్పుకుంటారు కదా. నా కథలో ఇద్దరు అన్నాచెల్లెళ్ళను ఆ చెట్టు మీదికి ఎక్కించి, ముఖానికి కండువా చుట్టుకుని చీకట్లో కలిసిపోయే మనిషి ఒకడుంటాడు. అతడు ఆ పిల్లల మేనమామ. ఆస్తి తగాదాలో వాళ్ళ నాన్నతో మాటలు మానేసి ఇల్లు విడిచి వెళ్ళినవాడు. మేనమామది ఎడమచేతివాటమని రెండవ నెలలో తల్లి చేత ఒక మాట అనిపించాను. అయిదవ నెలలో ముసుగు మనిషి కొమ్మకు తాడు కట్టేటప్పుడు ఎడమ చేయి ముందు కదిలిందని రాశాను. ఏడవ నెలలో ఒక అబ్బాయి దగ్గరి నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఆ రెండు సంచికల పేజీల అంకెలూ వేసి, ‘మేనమామే కదండీ’ అని అడిగాడు. ఆ కార్డు చూసి సంతోషించవలసినవాణ్ణి, నా పెట్టె తాళం ఎవరో తీసినట్టు ఉలిక్కిపడ్డాను. వెంటనే కథను తిప్పి, ముసుగు మనిషిని నిజాం కొలువులోని వేగులవాడిగా చేశాను. చివరి సంచిక వెలువడిన పది రోజులకు అదే చేతిరాతతో ఇంకో కార్డు వచ్చింది. ‘అయితే మేనమామది ఎడమచేతివాటమని మాకు ఎందుకు చెప్పారండీ?’ అన్న ఒక్క వాక్యమే అందులో ఉంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లేదన్న సంగతైనా ఆ అబ్బాయికి రాయలేకపోయాను.

ఆ అబ్బాయి నాకు ఎంత గౌరవం ఇచ్చాడో 2005లో గాని నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ ఏడాది జూలై 16న హ్యారీ పోటర్ ఆరవ పుస్తకం వచ్చింది. దాని చివర, ప్రాణాలకు తెగించి తెచ్చిన లాకెట్టు నకిలీదని తేలుతుంది. అందులోని చీటీ కింద ఆర్. ఏ. బి. అన్న మూడక్షరాలు తప్ప రాసినవారి పేరుండదు. ఏడవ పుస్తకం 2007 జూలై 21 దాకా రాలేదు. ఆ రెండేళ్ళూ ఎన్నో దేశాలలో పిల్లలూ పెద్దలూ ఆ మూడక్షరాల మనిషి కోసం వెతుకుతూనే ఉన్నారు. మా మనవరాలూ దాని స్నేహితురాళ్ళిద్దరూ మా వరండాలో చాప వేసుకుని, ఒక నోటుబుక్కులో ఆరు పుస్తకాలలోని పేర్లన్నీ ఎక్కించడం మొదలుపెట్టారు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది కనుక, మొదటి రోజంతా ‘ఆర్’తో మొదలయ్యే ఇంటిపేర్లే వెతికారు. అక్కడివాళ్ళ ఇంటిపేరు చివర ఉంటుందని ఒక పిల్లకు గుర్తుకు వచ్చాక ‘బి’ మీద పడి, రెండవ రోజు సాయంత్రానికి ఆ కథలోని సిరియస్ బ్లాక్ అన్న పాత్రకు తమ్ముడైన రెగ్యులస్ దగ్గర ఆగారు. మధ్యలోని ‘ఏ’ ఏమిటో వాళ్ళకు తెలియదు. అయితే 2003లో వచ్చిన అయిదవ పుస్తకాన్ని మళ్ళీ తిరగేసినప్పుడు, బ్లాక్ కుటుంబపు పాత ఇంటిని శుభ్రం చేసే ఘట్టంలో, పనికిరాని సామానుల మధ్య, ఎవరూ తెరవలేకపోయిన బరువైన లాకెట్టు ఒకటి వాళ్ళ కంటపడింది. రెండేళ్ళ కిందటే చదివి దాటిపోయిన వాక్యమది. ఆ సాయంత్రం ఆ ముగ్గురు పిల్లల ముఖాలూ నాకు ఇంకా గుర్తున్నాయి.

ఈ ఊహకు బలం ఇతర భాషల నుంచి కూడా వచ్చింది. ‘బ్లాక్’ అన్న ఇంటిపేరును డచ్చి అనువాదంలో ‘జ్వార్ట్స్’ అనీ, నార్వే భాషలో ‘స్వార్ట్’ అనీ, ఫిన్నిష్‌లో ‘ముస్తా’ అనీ ముందే మార్చి ఉన్నారు. ఆరవ పుస్తకం ఆ భాషలలోకి వెళ్ళినప్పుడు చీటీ కింద చివరి అక్షరం కూడా వరుసగా జెడ్, ఎస్, ఎం అయింది. అనువాదకులు తమ పని నిజాయితీగా చేసినందువల్లనే రహస్యం బయటపడింది. అంతకుముందే, పుస్తకం వచ్చిన రోజుల్లోనే, ఒక ముఖాముఖిలో ఇది సిరియస్ తమ్ముడేనా అని అడిగితే ఆ పుస్తకాల రచయిత్రి రౌలింగ్ అది మంచి ఊహేనన్న ధోరణిలో మాట్లాడి ఊరుకున్నారు. ఆమె అవునని చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు, లోకమంతా పట్టేసిందని ఏడవ పుస్తకంలో ఇంకొకరిని తెచ్చి నిలబెట్టనూ లేదు. తలుపు మీద రెగ్యులస్ ఆర్క్‌టరస్ బ్లాక్ అన్న పూర్తి పేరు కనిపించే పేజీకి వచ్చినప్పుడు, రెండేళ్ళుగా ఆ సంగతి తెలిసిన మా మనవరాలు ఇల్లు ఎగిరిపోయేట్టు కేక వేసింది. తరువాత ఆ ఇంటి సేవకుడు క్రీచర్ తన యజమాని రెగ్యులస్ దుష్ట మాంత్రికుడికి ఎందుకు ఎదురు తిరిగాడో, గుహలో ఎలా ప్రాణం వదిలాడో చెప్పే పేజీలు చదువుతూ ఏడ్చింది. ఎవరన్నది దానికి ముందే తెలుసు, ఎందుకన్నది తెలియదు. నీ మూడవ పుస్తకం కూడా అక్కడే ఉందని నా నమ్మకం. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని మామ్మ గోల్కొండ దాకా చిట్టీ ఎలా పంపింది, ఏం కోరి పంపింది, ఆ పిల్లలనే ఎందుకు ఎంచుకుంది అన్నవి ఆ ఆరవ తరగతి పాపకు తెలియవు. వాచ్‌మన్‌ను తెచ్చి పెడితే వీటన్నిటినీ నువ్వు చేజేతులా పారేసుకున్నట్టే.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. విరాటపర్వంలో బృహన్నల ఎవరో, వలలుడు ఎవరో వినేవాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా, ఉత్తర గోగ్రహణం దగ్గర ఆడవేషంలో రథమెక్కి వస్తున్న మనిషిని చూసి కౌరవసేనలో ఇతడెవరని తర్జనభర్జన పడుతుంటే ఊపిరి బిగబట్టి వింటాం. గురువు పాదాల దగ్గర వాలిన బాణాలను చూసి ద్రోణుడు అది శిష్యుడి నమస్కారమని గ్రహించే చోట మన గుండె నిండుతుంది. ఆ మనిషిని కథలోని వాళ్ళు ఎప్పుడు, ఏ గుర్తు పట్టుకుని తెలుసుకుంటారన్నది చూడాలన్న తహతహ, మనకు తెలియకపోవడం వల్ల కలిగే ఉత్కంఠ కన్న తక్కువదేమీ కాదు. నా చిన్నతనంలో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు వచ్చేవి. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు కనుక ఆ పేరు మాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. వచ్చే నెల ఏమవుతుందో మేము ముందే పందేలు కాసుకునేవాళ్ళం, పందెం గెలిచినవాడే సంచిక రాగానే అందరికన్న ముందు లాక్కుని చదివేవాడు.

ఇక నీ ఆధారాల గురించి చెప్పాలి, ఎందుకంటే అవి నిజంగా బాగున్నాయి. మొదటి పుస్తకంలో మామ్మ పిల్లలకు మంచినీళ్ళిచ్చే మరచెంబు మీద చెక్కిన రెండక్షరాలు అరిగిపోయి ఉన్నాయని అరవాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయావు. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన చెంబు కనుక దాని మీద ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. తలుపు మీది బోర్డులో ఉన్నది అత్తింటి ఇంటిపేరు. ఒకే మనిషికి రెండు పొడి అక్షరాల జతలుండడం మన ఆడవాళ్ళ జీవితంలోని నిజం. ఆ నిజం మీద నువ్వు రహస్యాన్ని కట్టావు. దాన్ని పట్టుకున్న పాప తన ఇంట్లో అమ్మమ్మ గిన్నెల మీది పేర్లు చదివిన పిల్ల అయి ఉండాలి. అంత గట్టి పునాదిని ఒక భయం కోసం కూల్చుకోకు. ఇంకొక బాబు ‘చి.’ అంటే శుభలేఖల్లో వేసే చిరంజీవి అనీ, ‘రా.’ అన్న చిన్నపిల్లవాడే ఆ చిట్టీలు రాస్తున్నాడనీ ఊహించాడని రాశావు. అది తప్పే అయినా, నేను విన్న ఊహలలో నాకు అన్నిటికన్న నచ్చినది. వీలైతే మూడవ పుస్తకంలో నీ ముగ్గురు పిల్లలలో చిన్నవాడి చేత ఆ మాట అనిపించు.

ఒకచోట మాత్రం నువ్వు పాఠకులకు అన్యాయం చేశావు. తెలుగు క్రియ ఆడ మగ దాచనివ్వదు, వరసలు చెప్పే పిలుపులు అసలే దాచనివ్వవు. అత్త అన్నా పిన్ని అన్నా వంశవృక్షంలో ఏ కొమ్మో తెలిసిపోతుంది. ఉత్తమపురుషకు ఆ ఇబ్బంది లేదు కనుక నీ చిట్టీలలో ‘వచ్చాను’, ‘దాచాను’ అన్నవి హాయిగా సాగాయి. కథనంలో కూడా ‘ఎవరో వచ్చి వెళ్ళారు’, ‘నీడ కదిలింది’ అని జాగ్రత్తగానే నడిపించావు. కాని రెండవ పుస్తకంలో కోఠీ ఘట్టం చివర ‘ఆ చిట్టీ పెట్టినవాడు అప్పటికే వెళ్ళిపోయాడు’ అని ఉంది. ఆ మాట పిల్లలలో ఒకరు అని ఉంటే అది వాళ్ళ పొరపాటు అయ్యేది, పాఠకుడు నవ్వుకునేవాడు. కథ చెప్పే గొంతు అన్నది కనుక అది అబద్ధం అయింది. దాచడానికి నీకు హక్కుంది. కథకురాలి నోట అబద్ధం చెప్పించే హక్కు లేదు. పునర్ముద్రణలో ఆ వాక్యం దిద్దు.

కథ నడిచే లోపలి పుటలలో కాక, కథకు బయటి పుటలలో ఆధారం దాచినవాళ్ళూ ఉన్నారు. లెమనీ స్నికెట్ పేరుతో డేనియల్ హ్యాండ్లర్ 1999 నుంచి 2006 వరకు రాసిన 13 పుస్తకాలలో ప్రతి ఒక్కటీ బియాట్రిస్ అన్న స్త్రీకి అంకితం. ఆమె కథలోని అనాథ పిల్లల తల్లేనని చివరి పుస్తకంలో తేలుతుంది. అంకితం పేజీని కథలో భాగంగా ఎవరూ చదవరన్నది అతనికి తెలుసు. నీకు ఆ అలవాటు ఇప్పుడే వద్దు. నీ మరచెంబు చాలు.

చివరిగా, కోఠీలో బైండింగు చేసే రామయ్య గురించి. అతని ఇంటిపేరు ‘చిట్టా’ అని ఒకే ఒక్కచోట రాశావు. కావాలని పెట్టావో, పుస్తకాల దుకాణంలో లెక్కలు రాసే మనిషి కదా అని చేతికి వచ్చిన పేరు పెట్టావో నాకు తెలియదు కాని, చిట్టా రామయ్య అంటే చి. రా. అవుతుంది. అయిదవ హ్యారీ పోటర్ పుస్తకం మొదట్లో మార్క్ ఎవాన్స్ అన్న పదేళ్ళ కుర్రవాడి పేరు ఒకసారి వస్తుంది. అదే పుస్తకంలో హ్యారీ తల్లి పుట్టింటి ఇంటిపేరు ఎవాన్స్ అని తెలుస్తుంది. పాఠకులు ఆ కుర్రవాడి చుట్టూ ఎన్నో బంధుత్వాలు అల్లుకున్నారు. ఆ పేరు ఆలోచించకుండా పెట్టిందేననీ, అతనికి కథతో ఏ సంబంధమూ లేదనీ 2004లో రచయిత్రి స్వయంగా చెప్పవలసి వచ్చింది. పిల్లలు శ్రద్ధగా చదివినందుకు వాళ్ళకు దక్కినది నిరాశ. ఆమెకు ఆ సంగతి పుస్తకం బయట చెప్పక తప్పలేదు, నీకు మూడవ పుస్తకం ఇంకా చేతిలో ఉంది. నీ ముగ్గురు పిల్లలనూ రామయ్య దగ్గరికి పంపు. ‘చిట్టీలు రాసేది మీరేనా తాతయ్యా’ అని వాళ్ళు అడగనీ. అతడు జిగురు అంటిన చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ చిట్టీని దీపం దగ్గర పట్టుకుని చూసి, తనది కాదని చెప్పి, ఆ కాగితం ఏ కాలం నాటిదో, ఏ పుస్తకంలోంచి చించిందో చెప్పగలడు. అంతకన్న ఎక్కువ అతనికి తెలియనవసరం లేదు. అక్కడి నుంచి పైవాటా మెట్ల దాకా వాళ్ళను నువ్వే నడిపించుకురాగలవు.

రాతప్రతిని ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. వాచ్‌మన్ వచ్చే ఆఖరి రెండు అధ్యాయాలకూ పెన్సిలు గీత పెట్టాను, మిగిలిన వాటిలో అక్షరదోషాలు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఆ ఆరవ తరగతి పాపకు ఈ వారమే జవాబు రాయి. మామ్మేనని చెప్పవద్దు, కాదనీ చెప్పవద్దు. ఆ ఊహకు ఎలా వచ్చిందో, ఏ పేజీలో ఏ మాట చూసిందో రాయమని అడుగు. మరచెంబు మాట తనంతట తానే రాస్తుందేమో చూడు. ఆ ఉత్తరం వచ్చినప్పుడు నాకూ ఒకసారి చూపించు.

ఇట్లు,
నీ మేలు కోరే తాతయ్య