911 కొడితే ఫైరింజన్ ఎందుకొచ్చింది?

మొన్న మా కమ్యూనిటీలోకి కొత్తగా వచ్చిన ఒకబ్బాయి అడిగాడు. వాళ్ళమ్మగారికి కళ్ళు తిరిగితే, ఇక్కడ అమెరికాలో ఏ అత్యవసరానికైనా చేసే 911కి ఫోన్ చేశాడట, అంబులెన్స్ కంటే ముందు ఇంత పొడుగు ఫైరింజన్ వచ్చి గుమ్మం ముందు ఆగిందట, వీధంతా బయటికొచ్చి చూసిందట. "అన్నా, నేను మంటలని చెప్పలేదు, మా అమ్మకి బాలేదన్నాను, నా ఇంగ్లీషు అర్థం కాలేదేమో, దీనికి కూడా బిల్లేస్తారా?" అని ఒకటే టెన్షన్. ఇరవై ఏళ్ళ కిందట నాకూ ఇదే అనుమానం వచ్చింది. అప్పుడు చెప్పేవాళ్ళు లేక చాలా తప్పులు చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేనుండేది వర్జీనియాలోని లౌడన్ కౌంటీ, యాష్‌బర్న్ వైపు. మీ కౌంటీలో పేర్లు, లెక్కలు వేరే ఉండొచ్చు కానీ అమరిక చాలా చోట్ల ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మనకి ఇండియాలో ఫైర్ అంటే 101, అంబులెన్స్ అంటే 108. రెండూ వేరే డిపార్ట్‌మెంట్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. 108 మన దగ్గరే పుట్టింది, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, ఫోన్ చేస్తే పైసా తీసుకోకుండా వస్తుంది. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చి చూస్తే అంతా తికమకగా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ చాలా కౌంటీల్లో అంబులెన్సును నడిపేది ఫైర్ డిపార్ట్‌మెంటే. ఒకే స్టేషన్, ఒకే షెడ్డు, అందులో ఫైరింజన్ పక్కనే అంబులెన్స్. ఇంజన్ మీద వచ్చే ఫైర్‌ఫైటర్లు కనీసం ఈఎంటీ శిక్షణ ఉన్నవాళ్ళు, చాలాసార్లు వాళ్ళలో ఒక పారామెడిక్ కూడా ఉంటాడు. ఈఎంటీ అంటే ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం) లాంటి మొదటి దశ సాయం చేసేవాడు. పారామెడిక్ ఇంకో మెట్టు పైన: నరానికి సూది పెట్టి మందులెక్కిస్తాడు, ఈసీజీ తీసి చదువుతాడు.

అంబులెన్స్ ఇంకో కేసులో ఆసుపత్రి దగ్గరుంటే ఇంజన్ ఖాళీగా ఉంటుంది కదా, మీ ఇంటికి దగ్గర్లో ఏది ఉంటే అది ముందు బయల్దేరుతుంది. పైగా గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేయాలంటే అంబులెన్స్‌లో వచ్చే ఇద్దరు చాలరు. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, మార్చుకుంటూ ఉండాలి. తొంభై కిలోల మనిషిని మేడ మీది బెడ్‌రూమ్ నుంచి మెట్ల మీదుగా దించాలన్నా మనుషులు కావాలి. అందుకే వస్తుంది ఫైరింజన్. అబ్బాయి ఇంగ్లీషు తప్పేం లేదు.

ఇక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కానీ కలెక్టర్ ఉండడు, ఎన్నికైన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ఉంటుంది. ఫైర్ సర్వీసుకి డబ్బులిచ్చేది ప్రధానంగా ఆ బోర్డే. మీరు ఇంటి మీద కట్టే ప్రాపర్టీ ట్యాక్సులో కొంత అందులోకే పోతుంది. (అద్దెకుంటున్నాం కదా మాకేంటి అనుకోకండి, మీ అద్దెలో అదీ కలిసే ఉంటుంది.) పైన ఒక చీఫ్, కింద బెటాలియన్ చీఫులు, వాళ్ళ కింద స్టేషన్లో కెప్టెన్, లెఫ్టినెంట్, ఇలా పోలీసు హోదాల్లా ఉంటుంది వరస. కెరీర్ ఫైర్‌ఫైటర్లు, అంటే జీతం మీద పనిచేసేవాళ్ళు, చాలా చోట్ల ఇరవై నాలుగు గంటల షిఫ్టులు చేస్తారు, స్టేషన్లోనే వండుకుని తిని అక్కడే పడుకుంటారు. ఫైర్ మార్షల్ ఆఫీసు వేరే విభాగం. మంట ఎలా అంటుకుందో తేల్చడం, హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళ భద్రత చూడటం వాళ్ళ పని. దీపావళికి పక్క రాష్ట్రం నుంచి రాకెట్లు, బాంబులు తెచ్చి కాల్చేవాళ్ళు కూడా వాళ్ళ చేతికే చిక్కుతారు, వర్జీనియాలో పైకెగిరేవీ పేలేవీ మామూలు జనం కాల్చకూడదు.

మనవాళ్ళకి అసలు నమ్మబుద్ధి కానిది వాలంటీర్ల సంగతి. అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది జీతం లేని వాలంటీర్లు. పగలు ప్లంబరో అకౌంటెంటో, రాత్రి ఫైరింజన్ మీద. ఇది ఈనాటిది కాదు, 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన ఫైర్ కంపెనీ కూడా వాలంటీర్లదే. అంబులెన్స్ సేవ కూడా అంతే, మా వర్జీనియాలోనే రోనోక్ ఊళ్ళో 1928లో మొట్టమొదటి వాలంటీర్ రెస్క్యూ స్క్వాడ్ పెట్టారు. లౌడన్ ఒకప్పుడు పాడి ఆవులు, గుర్రాల ఊరు. 1970లో కౌంటీ మొత్తం జనాభా ముప్పై ఏడు వేలు. 2020 లెక్కల్లో నాలుగు లక్షల ఇరవై వేలు, అందులో మనమెంతమంది ఉన్నామో ఏ గ్రోసరీ స్టోర్‌కెళ్ళినా తెలుస్తుంది. ఇంత జనానికి వాలంటీర్లు ఒక్కళ్ళే ఎక్కడ సరిపోతారు? జీతాల మీద కౌంటీ మనుషులు చేరారు. ఇద్దరికీ మధ్య పెత్తనం ఎవరిదనే గొడవ రాకుండా 2014లో ఆర్డినెన్స్ (కౌంటీ బోర్డు చేసే చట్టం) చేసి అందరినీ ఒకే వ్యవస్థ కిందికి తెచ్చారు. ఇప్పటికీ కొన్ని స్టేషన్లలో వాలంటీర్ కంపెనీలదే పేరు, బిల్డింగు, బండి కూడా. అందుకే ఏడాదికోసారి మీ పోస్టు బాక్సులో ఫైర్ కంపెనీ పేరుతో ఒక కవరు వస్తుంది, చూడటానికి బిల్లులా ఉంటుంది, స్కామ్ అనుకుని చాలామంది చించేస్తారు. అది చందా కవరు. ఇవ్వకపోతే రారేమోనని భయపడక్కర్లేదు, ఇచ్చినా ఇవ్వకపోయినా వస్తారు. నేనైతే ఇస్తాను.

ఇంకో సరదా సంగతి. బండి మీద నంబరు చూడండి. మా నార్తర్న్ వర్జీనియాలో ఒక్కో కౌంటీకి ఒక్కో వంద. ఆర్లింగ్టన్‌వి 100లు, ఫెయిర్‌ఫాక్స్‌వి 400లు, మావి 600లు. 606 అంటే లౌడన్ కౌంటీ ఆరో స్టేషన్, అంటే యాష్‌బర్న్. మీ ఇంటి ముందు 400 నంబరు బండి ఆగితే ఫెయిర్‌ఫాక్స్ వాళ్ళొచ్చారన్నమాట. సరిహద్దు దగ్గర ఎవరు దగ్గరైతే వాళ్ళే వస్తారు, మా పరిధి కాదు అనే మాట ఇక్కడ లేదు. ఆ ఒక్కదానికి మాత్రం ఈ దేశానికి దణ్ణం పెట్టాలి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మా మామగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు, జనవరిలో, రాత్రి రెండింటికి గుండెల్లో బరువుగా ఉందన్నారు. చెమటలు పట్టాయి. గ్యాస్ అని చెప్పి ఈనో కలిపిచ్చాను. పావుగంట చూశాను. తర్వాత కారు తీసి మంచు గీకుతున్నాను, నేనే ఆసుపత్రికి తీసుకెళ్తే త్వరగా అవుతుంది, డబ్బు మిగులుతుంది అని నా లెక్క. మా ఆవిడ వచ్చి నా చేతిలో గీకుడు కర్ర లాక్కుని, "దార్లో ఏమన్నా అయితే నువ్వు బండి నడుపుతావా, ఆయన్ని చూస్తావా?" అంది. అప్పుడు ఫోన్ చేశాం. అవతలి ఆవిడ ముందు అడిగింది అడ్రస్, తర్వాతే ఏమైందని. ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతుంటే నాకు కోపం వచ్చింది, బండి పంపకుండా ఈ ఇంటర్వ్యూ ఏంటని. తర్వాత తెలిసింది, మనం మాట్లాడుతుండగానే పక్కన కంప్యూటర్లో బండ్లు బయల్దేరిపోతాయి, ఆ ప్రశ్నలు మనల్ని ఆపడానికి కాదు, వచ్చేవాళ్ళకి సమాచారం అందించడానికి. ఆవిడ చెప్పేదాకా ఫోన్ పెట్టకండి, అవసరమైతే సీపీఆర్ ఎలా చేయాలో కూడా లెక్కపెట్టి మరీ చెప్తారు.

కాసేపటికి హాల్లో ఆరుగురు. కార్పెట్ మీద మామగారిని కూర్చోబెట్టి, లాల్చీ గుండీలు విప్పి, ఛాతీ మీద అతుకులు అంటించి ఈసీజీ అక్కడే తీశారు. ఆయనేమో "బానే ఉన్నానురా, ఇంతమందిని ఎందుకు పిలిచావు, కాఫీ అయినా ఇవ్వండి వాళ్ళకి" అంటున్నారు. పారామెడిక్ అడిగాడు, ఏం మందులు వాడతారని. నేను ఎకోస్ప్రిన్, గ్లైకోమెట్, టెల్మా అని గడగడా చెప్పాను. అతను తలాడించి మళ్ళీ అడిగాడు. ఆ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలీవు కదా! ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టాన్. స్ట్రిప్పు వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, ఆ రాత్రి కళ్ళజోడు లేకుండా అది చదవడానికి నేను పడ్డ పాట్లు చెప్పలేను. అమ్మానాన్నలు రాగానే ఆ అసలు పేర్లు, డోసులు ఒక కాగితం మీద రాసి పెట్టండి, ఎలర్జీలేమన్నా ఉంటే అవి కూడా. ఈసీజీ బండిలోంచే ఆసుపత్రికి పంపేశారు. మేం వెళ్ళేసరికి అక్కడ డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. కార్లో తీసుకెళ్ళి ఉంటే రిసెప్షన్ దగ్గర ఇన్సూరెన్స్ కార్డు వెతుక్కుంటూ నిలబడేవాళ్ళం. స్టెంట్ వేశారు, ఇప్పుడు రాజమండ్రిలో బానే ఉన్నారు, రోజూ గోదావరి గట్టు మీద నడుస్తారు.

బిల్లు సంగతికి వద్దాం, అందరి అసలు ప్రశ్న అదే కదా. మా దగ్గర ఫైరింజన్ వచ్చినందుకు బిల్లు లేదు. అంబులెన్స్ ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తేనే సాధారణంగా బిల్లు, వచ్చి చూసి ఫర్వాలేదని వెళ్ళిపోతే చాలా కౌంటీల్లో ఏమీ ఉండదు. ఆ బిల్లు కూడా ముందు ఇన్సూరెన్సుకి పోతుంది. నది అవతల మేరీల్యాండ్ మాంట్‌గోమరీ కౌంటీ అయితే 2013 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర వసూలు చేసుకుంటుంది, కౌంటీలో ఉండేవాళ్ళు జేబులోంచి ఒక్క డాలరు కట్టక్కర్లేదు. మీ కౌంటీ పద్ధతి ఏంటో వాళ్ళ సైట్లో ఈరోజే చూసుకోండి, అర్ధరాత్రి చూసే పని పెట్టుకోకండి. డబ్బు కట్టగలవా అని గుమ్మంలో ఎవరూ అడగరు.

మాకు దెబ్బ తగిలింది వేరే చోట. మొదటి ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చినప్పుడు వచ్చింది కౌంటీ అంబులెన్స్ కాదు, ప్రైవేటు కంపెనీది. మూడు వేల డాలర్ల పైచిలుకు బిల్లు ఆరు వారాల తర్వాత వచ్చింది, విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు సగం కూడా ఇవ్వలేదు. అనుకోని బిల్లుల నుంచి కాపాడే ఫెడరల్ చట్టం 2022 నుంచి అమల్లో ఉంది కానీ అందులో హెలికాప్టర్ అంబులెన్స్ ఉంది, రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్ లేదు. ఈ తిరకాసు ఎవరు పెట్టారో గానీ చాలా ఇళ్ళకి చిల్లు పడింది. విజిటర్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు రోడ్డు అంబులెన్స్ గురించి ఏం రాశారో ఆ ఒక్క లైను వెతికి చదవండి.

గృహప్రవేశాల వాళ్ళకి ఒక మాట. మా పక్క వీధిలో ఒకాయన కొత్తింట్లో హోమం పెట్టుకున్నారు. పంతులుగారు నెయ్యి పోస్తున్నారు, పొగ మేడ మీదికి పోయింది, అలారం మోగింది, అది సెక్యూరిటీ కంపెనీకి కలిపి ఉంది, ఫోన్ చేస్తే పట్టుబట్టల్లో ఎవరి దగ్గర ఫోనుంటుంది? వాళ్ళు ఫైర్‌కి చెప్పేశారు. మామిడి తోరణం కింద హెల్మెట్లు పెట్టుకుని నలుగురు నిలబడ్డారు. కెప్టెన్ హోమగుండం చూసి, బూట్లు చూసుకుని, గుమ్మం దగ్గరే ఆగి "ఇది ఎంతసేపుంటుంది?" అని అడిగాడు. పంతులుగారు మంత్రం ఆపకుండా రెండు వేళ్ళు చూపించారు. రెండు నిమిషాలా రెండు గంటలా అని అందరికీ అనుమానం. కిటికీలు తీయించి, కింద తడి ఇసుక పోయించి, పక్కన ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోమని చెప్పి వెళ్ళారు. ముందురోజే అలారం కంపెనీకి ఫోన్ చేసి ఆ రెండు గంటలు టెస్ట్ మోడ్‌లో పెట్టించుకుంటే సరిపోయేది. పొగ డిటెక్టర్ బ్యాటరీ మాత్రం పీకకండి, పీకితే మళ్ళీ పెట్టరు, నాకు తెలుసు. ఊరికే అలారం మోగుతుంటే కొన్ని కౌంటీలు జరిమానా కూడా వేస్తాయి.

పెద్ద స్థలం, పెద్ద ఇల్లు అని కౌంటీ పడమటి వైపు కొనేవాళ్ళు రోడ్డు మీద హైడ్రెంట్ (ఫైరింజన్ నీళ్ళు పట్టుకునే కొళాయి) ఉందో లేదో చూసుకోండి. అక్కడ బావి నీళ్ళే, ఫైరింజన్లో ఉండేది ఐదొందల గ్యాలన్లు లేదా కాస్త ఎక్కువ, మిగతాది ట్యాంకర్లు మోయాలి. గ్యాస్ కూడా పైపులో రాదు, పెరట్లో ప్రొపేన్ ట్యాంకు. 2024 ఫిబ్రవరి 16న మా స్టెర్లింగ్‌లో అలాంటి ట్యాంకు లీకై గ్యాస్ వాసన వస్తోందంటే వెళ్ళిన ఫైర్‌ఫైటర్ల మీద ఇల్లే పేలింది. ఒక వాలంటీర్ చనిపోయాడు, చాలామందికి గాయాలు. నేను చందా ఇస్తాననడానికి అదీ ఒక కారణం. వాసన వస్తే లైటు స్విచ్ కూడా నొక్కకండి, అందరూ బయటికి నడిచి, దూరం వెళ్ళాకే ఫోన్ చేయండి.

ఇండియాకి ఫోన్ చేయబోయి 011 91 బదులు 911 నొక్కేవాళ్ళు మనలో చాలామంది. పొరపాటున నొక్కితే పెట్టేయకండి, పొరపాటైందని చెప్పండి, పెట్టేస్తే తిరిగి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే పోలీసు తలుపు తట్టొచ్చు. సిమ్ లేని పాత ఫోన్ నుంచి కూడా 911 వెళ్తుంది, కానీ వాళ్ళు తిరిగి చేయలేరు. పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చే పాత ఫోన్ల గురించే చెప్తున్నాను.

అమ్మకి ఇంగ్లీషు రాదు, పగలు ఒక్కతే ఉంటుంది అంటారా? "తెలుగు" అని ఒక్క మాట అంటే చాలు, చాలా 911 సెంటర్లలో దుబాసీని లైన్లో కలుపుతారు, కాస్త టైము పడుతుంది. ఈలోగా అడ్రస్ ముఖ్యం. మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఒక కాగితం ఉంది, మా అత్తగారి కోసం రాసింది: ఇంటి నంబరు ఒక్కో అంకె విడివిడిగా, వీధి పేరు, ఊరి పేరు, కింద "హస్బెండ్, చెస్ట్ పెయిన్, కమ్ ఫాస్ట్" అని, మొత్తం తెలుగు అక్షరాల్లోనే. ఆవిడ దాన్ని రోజూ పొద్దున్నే విష్ణు సహస్రనామం అయ్యాక ఒకసారి పైకి చదివేవారు.