వీగన్ వంట క్లాసుకు వెళ్తున్న మా చిన్నికి

చిన్నీ,

పాలు, నెయ్యి, గుడ్డు ఏవీ తగలని వీగన్ వంట క్లాసుకు డబ్బు కట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "పాలు, పెరుగు మానేసింది సరే, మళ్ళీ దానికి క్లాసులు కూడానా అక్కా" అని దాని టెన్షన్ దానిది. ఇలాంటి క్లాసుల్లో నేను నేర్చుకున్నాను, కొన్నాళ్ళు నేర్పాను కూడా. అందుకే రాస్తున్నా.

వెళ్ళేముందు నీకేం కావాలో తేల్చుకో. పులిహోర, చారు, గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి, పెసరట్టు, వీటిలో పాలచుక్క లేదు. వాటికోసం క్లాసు అక్కర్లేదు. పాలు మానేసిన తెలుగువాళ్ళకు చిక్కంతా మూడుచోట్లే వస్తుంది: ముద్దపప్పు మీద నెయ్యి, భోజనం చివర పెరుగు, పొద్దున కాఫీ. నెయ్యి సంగతి నన్నడిగితే, దానికి నకలు వెతకొద్దు. మంచి నువ్వుల నూనె వేసుకో, ఆవకాయతో అదే బాగుంటుంది. మిగతా రెండూ, వాటితోపాటు టోఫూ (సోయాపాలు విరగ్గొట్టి చేసే పనీర్ లాంటిది), ఈ మూడూ నేర్పే క్లాసయితేనే నీ డబ్బుకు న్యాయం. ఎవోకాడో కేకు కోసమైతే వీడియో చూసుకుంటే చాలు.

ఫోన్ చేసి రెండు ప్రశ్నలడుగు. ఒక్కో స్టవ్ దగ్గర ఎంతమంది? మొత్తం ఎన్ని వంటకాలు? ముగ్గురు నలుగురయితే పర్వాలేదు, పదిమందయితే నీకు దక్కేది ఉల్లిపాయలు తరగడమే. మూడు గంటల్లో పన్నెండు వంటకాలన్నారంటే వాళ్ళు చేస్తారు, నువ్వు చూస్తావు. వేరుశనగ, జీడిపప్పు, సోయాల్లో ఏది పడకపోయినా అప్పుడే చెప్పెయ్యి. ఈ వంటంతా వాటి మీదే నడుస్తుంది కనక ఆ రోజు చెబితే వాళ్ళకూ ఇబ్బందే, నీకూ ప్రమాదమే. కాటన్ బట్టలు వేసుకో, చున్నీ వద్దు. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలు రెండు పట్టుకెళ్ళు.

క్లాసులో అందరూ అలంకరణ దగ్గరికీ ఫొటోల దగ్గరికీ ఎగబడతారు. నువ్వు సోయాపాల గిన్నె దగ్గర నిలబడు. పావుకిలో గింజలు రాత్రంతా నానబెట్టి, రెండు లీటర్ల దాకా నీళ్ళతో రుబ్బి వడకట్టిన పాలవి. పొయ్యెక్కిన కాసేపటికే నురగ బుస్సుమని పైకొస్తుంది. అది చూసి మరిగిందనుకుని దింపేస్తారు. నిజానికి అప్పటికింకా ఉడకలేదు. పచ్చి సోయా అరగదు, నురగ అణిగాక సన్నని మంట మీద ఇంకో పది నిమిషాలైనా మరగాలి. గరిటె అడుగుకు ఆనించి కలుపుతూ ఉండు, ఊరికే మాడుతుంది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన రావడం ఎప్పుడన్నది నీ ముక్కుకు తెలియాలి, రాసిచ్చిన కాగితంలో అది ఉండదు.

తర్వాత విరగ్గొట్టడం. నిగారీ (సముద్రపు ఉప్పు తీయగా మిగిలే లవణం) వాడతారో, జిప్సమ్ (తినడానికి పనికొచ్చే కాల్షియం సల్ఫేట్) వాడతారో, నిమ్మరసంతో కానిచ్చేస్తారో కనుక్కో. జిప్సమ్ అయితే కాల్షియం కూడా దక్కుతుంది. పాలు కాస్త చల్లారి 75-80 డిగ్రీలకు వచ్చాక దాన్ని రెండు మూడు విడతలుగా పాలలో పోసి, మెల్లగా ఒక్కసారి తిప్పి, ఇక చెయ్యి పెట్టకూడదు. ముద్దలు విడిపోయి మధ్యలో నీళ్ళు లేత పసుపుగా తేటపడితే అయినట్టు. ఇంకా తెల్లగా ఉంటే మరికాస్త పోయాలి. ఆ తేట నీళ్ళు నీ కళ్ళతో ఒకసారి చూస్తే ఇంట్లో నీకు తిరుగుండదు. వడకట్టగా మిగిలిన పిప్పిని పారబోయనివ్వకు, అడిగి తెచ్చుకో. కాస్త శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి వడలేస్తే మీ నాన్న కూడా వంక పెట్టడు.

పెరుగు దగ్గర ఒక తిరకాసుంది. పల్లీలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడకట్టి కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యాలి. తోడు లేకపోతే నాలుగైదు పచ్చిమిరపకాయల తొడిమలు వేస్తారు. అది తోడుకోవడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది కనక క్లాసులో అయ్యే పని కాదు, వాళ్ళు ముందే పెట్టి తెచ్చింది చూపిస్తారు. సిగ్గుపడకుండా అందులో రెండు చెంచాలు అడిగి డబ్బాలో వేసుకో. తొడిమలతో మొదటిసారి పెట్టింది పలచగా, ఒక్కోసారి ఘాటుగా వస్తుంది. దాన్నే మళ్ళీ తోడుగా వాడుతుంటే బాగుపడుతుంది. వాళ్ళు ఆ దశ దాటేసి ఉంటారు, నీకు ఆ శ్రమ తప్పుతుంది. దాంతో మజ్జిగ పులుసు పెట్టేటప్పుడు శనగపిండి ముందే కలిపి సన్నని మంట మీదే ఉంచు.

కాఫీకి సోయాపాలు విరిగిపోతున్నాయని మీ అమ్మతో అన్నావట. డికాషన్ పులుపు, వేడి రెండూ కలిసి చేసే పని అది. పాలు ముందు వెచ్చబెట్టుకుని, డికాషన్ కాస్త చల్లారాక కొద్దికొద్దిగా పొయ్యి. ఓట్స్ పాలు ఇంత తొందరగా విరగవు గానీ జిగురు గొడవ ఉంది. చల్లటి నీళ్ళతో అర నిమిషం మించకుండా తిప్పి, గుడ్డను పిండకుండా వడకట్టాలి. టీచరు చేత అది చేయించుకుని చూడు.

గుడ్డుకు బదులు ఏం వాడాలో కూడా చెబుతారు. శనగపిండి అట్టుకు గుడ్డు వాసన రావాలంటే నల్ల ఉప్పు దింపేముందు చల్లాలి, ముందే వేస్తే వాసన ఎగిరిపోతుంది. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళను గిలకొట్టి నురగ తెప్పించడం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన 2014లో ఈ కిటుకు బయటపెట్టాడు. ఆయన సంగీతకారుడు, వంటవాడు కాదు!

ఏదైనా ప్యాకెట్ కొనమంటే ఆకుపచ్చ చుక్క చూసి నమ్మకు. పాలపొడి ఉన్నవాటికీ ఆ చుక్కే ఉంటుంది. 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన దేశపు ఆహార భద్రతా సంస్థ, వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చింది, దానికి ఆకుపచ్చ 'వి' గుర్తు వేరే ఉంది. అది లేకపోతే వెనక చిన్న అక్షరాలు చదువు: వే, కేసిన్ అని ఉంటే అవి పాలవే.

అక్కడ ఎవరో ఒకరు పాలు తాగేవాళ్ళ మీద ఉపన్యాసం మొదలుపెడతారు. నువ్వు గిన్నె కలుపుకో.

ఇంకొకటి, ఇది క్లాసులో చెప్పినా చెప్పకపోయినా చెయ్యాల్సిందే. బి12 విటమిన్ మొక్కల ఆహారం నుంచి సరిపడా రాదు. డాక్టరుకు చూపించుకుని రక్త పరీక్ష చేయించుకో, మాత్ర రాస్తే మానకుండా వేసుకో. ఆ రిపోర్టు మీ అమ్మకు చూపిస్తే దాని గోలలో సగం తగ్గుతుంది.

వచ్చిన మర్నాడే, చేతికి గుర్తుండగానే టోఫూ ఒకసారి ఇంట్లో చెయ్యి. సంక్రాంతికి నేనొచ్చేదాకా పల్లీ పెరుగు తోడు కాపాడు, నాకూ కాస్త కావాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ