ప్రొఫెసర్లెవరూ తెలియకపోతే పీహెచ్‌డీ రాదా?

ప్రశ్న: మా అమ్మాయి భాషాశాస్త్రంలో ఎంఏ చేసింది. విదేశాల్లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. మాకు ఆ రంగంలో తెలిసినవాళ్లు లేరు. లింక్డిన్ మంచిదా, పరిశోధకుల ఈమెయిల్ గ్రూపులు మంచివా? డబ్బు కడితే పరిశోధన పేపర్లు అచ్చు వేయించి ప్రొఫైల్ తయారుచేస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. తన పేరుతో నేనే నలభైమంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ‘మాకెవరూ తెలియదు’ అన్న మాట దగ్గరే మీ టెన్షన్ అంతా ఉంది. ఆ భయం వదిలేయండి. ఈ రంగంలోకి పరిచయాలతో వచ్చేవాళ్లు తక్కువే.

కన్సల్టెన్సీ సంగతి ముందు చెప్తాను. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే పత్రికలను ప్రొఫెసర్లు పేరు చూడగానే గుర్తుపడతారు. అలాంటి మూడు పేపర్లకన్నా అమ్మాయి సొంతంగా రాసిన ఎంఏ డిసర్టేషన్ ఎంతో మేలు. ఇంటర్వ్యూలో ఆ పేపర్ల గురించి అడిగితే తనేం చెబుతుంది? ఆ డబ్బు కట్టకండి.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. తన పేరుతో మీరు మెయిల్ పెట్టడం తప్పు. నలభైమందికీ ఒకే ఉత్తరం వెళ్లిందంటే, ఎవరి పనీ చదవకుండా రాశారని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక గ్రూపులు. భాషాశాస్త్రానికి ‘లింగ్విస్ట్ లిస్ట్’ అనే ఈమెయిల్ గ్రూపు 1990 నుంచీ నడుస్తోంది. 2014లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీకి మారింది. చర్చలకన్నా ప్రకటనలే ఎక్కువ కనిపిస్తాయి. పీహెచ్‌డీ అవకాశాలు, సదస్సులు, కొత్త పుస్తకాలు అన్నీ వస్తాయి. ఫెలోషిప్ ఎంత, ఆఖరు తేదీ ఎప్పుడు అన్నది చాలావరకు ప్రకటనలోనే ఉంటుంది. చరిత్ర చదివే పిల్లలకు ‘హెచ్-నెట్’, బ్రిటన్ గ్రూపుల కోసం ‘జిస్క్‌మెయిల్’ ఉన్నాయి.

చేరగానే ప్రశ్న వేయొద్దు. ముందు పాత ఉత్తరాలు చదవాలి. లింగ్విస్ట్ లిస్ట్‌లో నాకు నచ్చిన పాత ఆనవాయితీ ఒకటుంది: ప్రశ్న అడిగినవాళ్లే వచ్చిన జవాబులన్నీ కూర్చి, సాయం చేసినవాళ్ల పేర్లు చెప్పి, మళ్లీ అందరికీ పంపేవారు. అవి నాలుగు చదివితే ఎలా అడగాలో అమ్మాయికే అర్థమవుతుంది. ‘తెలుగు క్రియల మీద మెటీరియల్ పంపండి’ అంటే ఎవరూ పలకరు. ‘ఖమ్మం మాటల్లో ఈ క్రియారూపం విన్నాను, దీని మీద ఎవరైనా రాశారా’ అంటే పలుకుతారు. జవాబు రాసేటప్పుడు అది ఒక్కరికి వెళ్తుందో, గ్రూపంతటికీ వెళ్తుందో చూసుకోవాలి. రోజూ మెయిళ్లు గుట్టపడితే డైజెస్ట్ పెట్టుకోవచ్చు, అంటే అన్నీ కలిపి ఒకే మెయిల్‌గా వస్తాయి.

లింక్డిన్ ఉన్నా పరవాలేదు, ఉద్యోగాలకు పనికొస్తుంది. ముందు తన పేరుతో మీరు తెరిచిన ఆ మెయిల్ పాస్‌వర్డ్ అమ్మాయికి ఇచ్చేయండి.