తెర వేయడం మరిచిపోకు

కాకినాడ

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. వచ్చే శనివారం నుంచి మీ ఆఫీసు దగ్గర్లో ఉన్న వికలాంగుల హోమ్‌కి సాయం చేయడానికి వెళ్తున్నానని, "అక్కడివాళ్ళలో దేవుణ్ణి చూడాలనుంది పెద్దమ్మా, ఎలాగో చెప్పు" అని రాశావు. ఫోన్లో తేలే విషయం కాదని కాగితం తీశాను. రిటైరైన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఇక్కడి హోమ్‌కి వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. దేవుడు కనబడ్డాడా అంటే సూటిగా చెప్పలేను. చేసిన తప్పులు మాత్రం వరసగా చెప్పగలను.

మొదటిది మొదటి వారంలోనే చేశాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ళ పిల్లాడు. పసిపిల్లలకి ఉగ్గు పెట్టినట్టు వాణ్ణి ఒళ్ళో వెనక్కి వాల్చుకుని, పాట పాడుతూ, స్పూను మీద స్పూను సాంబారన్నం పెట్టాను. పొలమారింది. కళ్ళు తేలేశాడు. ఆయా పరుగెత్తుకొచ్చి వాణ్ణి ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిస్తే గానీ ఊపిరి అందలేదు. ఆవిడ నన్నేమీ అనలేదు. నా కాళ్ళు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. ఆ పూట నేను వాడిలో చిన్నికృష్ణుణ్ణి చూస్తున్నాను మరి! వాడి గొంతు చూడలేదు.

కాబట్టి ముందు ఇది నేర్చుకో. తినిపించేటప్పుడు మనిషి నిటారుగా కూర్చుని ఉండాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి. నువ్వు నిలబడి పైనుంచి పెట్టకు, ఎదురుగా వాళ్ళ ఎత్తులో కూర్చో. చిన్న స్పూను. మింగారని చూసుకున్నాకే రెండోది. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకు. ఎవరికి మెత్తగా కలపాలో, ఎవరికి నీళ్ళలాంటి పలచనివి ఇవ్వకూడదో అక్కడి ఫిజియోథెరపిస్టునో ఆయానో అడుగు. నీకు చదువుందని, ఆవిడకి లేదని అనుకోకు. ఆ పనిలో ఆవిడే నీకు గురువు.

నీ ప్రశ్నకి వస్తాను. గుడికి వెళ్ళినప్పుడు గమనించావా, స్వామికి అభిషేకం అయ్యాక బట్ట మార్చాలంటే పూజారి గారు తెర లాగుతారు. నైవేద్యానికీ తెర వేస్తారు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా బయట నిలబడాల్సిందే. మన హోమ్‌లో ఒకసారి దాతలొచ్చారు, హాలంతా తిరుగుతున్నారు. అదే హాల్లో ఒక మూల పదహారేళ్ళ అమ్మాయికి డైపర్ మారుస్తున్నారు, అడ్డుగా ఏమీ లేదు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ చాలా రోజులు అనిపించలేదు, అదీ చెప్పాలి. ఒక రోజు ఆ పిల్ల తన చున్నీ ముఖం మీదికి లాక్కుంది. మాటలు రావు తనకి. ఆ మర్నాడు మా ఇంట్లో పాత చీర రెండు ముక్కలు చేసి, తాడు కట్టి, అక్కడ తెర వేశాను. ఇప్పుడు సరైన కర్టెన్ ఉందిలే.

షోడశోపచారాలు అంటామే, ఆసనం, పాద్యం, స్నానం, వస్త్రం, నైవేద్యం, అక్కడ రోజంతా నడిచేవి అవే. తేడా ఏమిటంటే గుళ్ళో విగ్రహం వద్దనదు, వీళ్ళు అంటారు. తల దువ్వబోతే తోసేస్తారు. ఆటిజం ఉన్న పిల్లలకి కొందరికి ముట్టుకుంటేనే కష్టం. నువ్వు ప్రేమగా దగ్గరికి తీసుకున్నావని వాళ్ళకి నచ్చాలని రూలేం లేదు. ఒకబ్బాయి నా చేతి మీద కొరికాడు, మచ్చ ఇంకా ఉంది. తప్పు నాదే, వెనకనుంచి వెళ్ళి భుజం పట్టుకున్నాను. ముందు ఎదురుగా వెళ్ళు, పేరు పెట్టి పిలువు, ఏం చేయబోతున్నావో చెప్పు, వాళ్ళు సరేనన్నట్టు కనబడేదాకా ఆగు. చూపు లేని వాళ్ళని చెయ్యి పట్టి లాక్కెళ్ళకు. నీ మోచెయ్యి అందించు, వాళ్ళే పట్టుకుంటారు. గదిలోంచి వెళ్ళిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పు, లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటారు పాపం. చక్రాల కుర్చీలోంచి మంచం మీదికి మార్చేముందు రెండు బ్రేకులూ వేశావో లేదో చూసుకో.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో స్పూను కుక్కడం, ఇవేవీ చేయొద్దు. చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, తల కింద మెత్తనిది పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టు. గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికే.

ఇంకో సంగతి. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒకాయన ఉన్నారు, ముప్పై నాలుగేళ్ళు. అందరూ "చిన్నా" అని పిలిచేవాళ్ళు, నేనూ అంతే. ఒక రోజు సబ్బు కవర్లు మడత పెడుతూ, తల ఎత్తకుండా "నాకు మీసం ఉంది టీచర్" అన్నారు. అప్పట్నుంచి పేరు చివర గారు చేర్చి పిలుస్తున్నాను. పెద్దవాళ్ళని పసిపిల్లల్ని చేయకు. దేవుళ్ళనీ చేయకు, ఆ మాటకొస్తే. 2015లో ప్రధానమంత్రి రేడియోలో చెప్పిన దగ్గర్నుంచి "దివ్యాంగులు" అంటున్నాం. కొందరికి ఆ మాట ఇష్టం, కొందరికి ఒళ్ళు మంట. పోలియో వల్ల క్రచెస్‌తో నడిచే మా పాత స్టూడెంట్ ఒకడు "దివ్యత్వం వద్దు మేడమ్, బ్యాంకుకి ర్యాంప్ కావాలి" అన్నాడు. ర్యాంప్ వాడి హక్కు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. వాణ్ణి దేవుణ్ణి చేసి నాలుగు మెట్ల కింద నిలబెడితే ఏం లాభం?

భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెబుతాడు, అన్ని ప్రాణుల్లో ఉన్న నన్ను కాదని విగ్రహానికి మాత్రమే చేసే పూజ బూడిదలో హోమం చేసినట్టేనని. మనం బూడిదలో పోసిన పన్నీరు అంటామే, అలాంటిదే. నేను ఆ మాట ఆయా విషయంలో కూడా గుర్తు చేసుకుంటాను. పిల్లల్లో దేవుణ్ణి చూసే వాలంటీర్లు ఆయాని "ఏయ్, బకెట్ తే" అంటుంటే విన్నాను.

ఫోటోలు వద్దు. డిసెంబరు 3 వికలాంగుల దినోత్సవం నాడు మా హోమ్‌లో అడుగు పెట్టడానికి చోటుండదు. ఒకే రోజు మూడు కేకులు, బ్రెడ్డు ప్యాకెట్లు, అరటిపండ్లు, పెద్ద బ్యానరు. నాలుగో తారీఖున ఎవరూ రారు. నువ్వు నాలుగో తారీఖున వెళ్ళే మనిషివి కావాలి. రానంటే ముందే చెప్పు. శనివారం అని చెప్పి రాకపోతే గేటు దగ్గర కూర్చుని ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

తల్లుల గురించి కొంచెం. పిల్లల్ని చూడ్డానికి వచ్చే తల్లులు నీతో మాట్లాడతారు. చివరికి అందరూ అడిగేది ఒకటే, "నా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారమ్మా". "దేవుడున్నాడు" అని మాత్రం అనకు. నేను ఒకావిడతో అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు మర్చిపోలేదు. పక్కన కూర్చో. తర్వాత చేతనైతే పని చేసిపెట్టు. వైకల్య పరీక్షకి స్లాట్ బుక్ చేయడం, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవడం, పెన్షన్ అప్లికేషన్, వీటి చుట్టూ తిరిగి తిరిగి వాళ్ళ చెప్పులు అరిగిపోతాయి. నీకు కంప్యూటరు వచ్చు కదా. మీ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసమే. ఒకసారి వెళ్ళి అక్కడ ఏమేం దొరుకుతాయో తెలుసుకుని రా, అడిగిన తల్లికి చెప్పడానికి పనికొస్తుంది.

శనివారం వెళ్ళేముందు గోళ్ళు కత్తిరించుకో. ఆ వేలాడే జుంకాలు, మెళ్ళో గొలుసు తీసేసి వెళ్ళు, లాగుతారు. కాటన్ డ్రెస్ వేసుకో, ఎలాగూ పాడవుతుంది. ఇంటికొచ్చాక నీకేమనిపించిందో నాకు రాయకు. ఎంతమంది పేర్లు గుర్తున్నాయో, ఎవరికి పెరుగన్నం ఇష్టమో, ఎవరు వంకాయ ఉమ్మేశారో రాయి.

నీ పెద్దమ్మ