కెమెరా సిస్టమ్ మార్చడానికి ఎఫ్‌డీ విరగ్గొట్టాలా?

గచ్చిబౌలి నుంచి ఒకాయన రాశారు. వయసు 29, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 78 వేలు. శని ఆదివారాలు పబ్బుల్లో లైవ్ బ్యాండ్లు, కాలేజీ ఫెస్టులు షూట్ చేస్తారు, షోకి 6 వేలు. ఉన్న సామాను కెనాన్ 80డీ, దాంతో వచ్చిన 18-135 లెన్సు, ఒక 50 ఎఫ్/1.8, పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో 78 వేలకి కొన్న 70-200 ఎఫ్/2.8. చీకట్లో ఫొటోలు గింజలు గింజలుగా వస్తున్నాయని మొత్తం అమ్మేసి సోనీ ఏ7 4, ఒక 24-70 ఎఫ్/2.8 తీసుకుందామని ప్లాను. కొటేషన్ 3,79,000, పాత సామానుకి షాపువాడు ఇస్తానన్నది 94,000. మిగిలిన 2,85,000లో లక్ష ఎఫ్‌డీ విరగ్గొట్టి, 1,85,000 క్రెడిట్ కార్డు మీద 18 నెలల ఈఎంఐ పెడదామనుకుంటున్నారు. "ఇది ఖర్చా, ఇన్వెస్ట్‌మెంటా?" అని అడిగారు, ఆరు ఫొటోలు కూడా పంపారు.

ముందు ఆ ఫొటోల సంగతి చెప్తా, ఎందుకంటే మీ డబ్బు ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. ఆరింటి వివరాలూ తెరిచి చూశా. బాగాలేవని మీరు గుర్తు పెట్టిన నాలుగూ 18-135తో తీసినవే, అన్నిట్లో ఎఫ్/5.6 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు), ఐఎస్ఓ 6400 (వెలుతురు చాలక కెమెరాలో పెంచేది, పెంచేకొద్దీ గింజలు), షట్టర్ 1/60 సెకను. గిటారిస్టు చెయ్యి కదిలిపోయి, నల్లటి చోటంతా రంగురంగుల గింజలు. అదే పబ్బులో, అదే రాత్రి, 50తో తీసినది ఒకటుంది చూడండి, ఎఫ్/2, 1/200, ఐఎస్ఓ 2500. పాడే అమ్మాయి కళ్ళు షార్ప్‌గా ఉన్నాయి, మైకు మీద జాలీ కూడా కనిపిస్తోంది. కెమెరా అదే కదా మరి!

ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2కి వస్తే వెలుతురు దాదాపు ఎనిమిది రెట్లు లోపలికొస్తుంది. 80డీ చిన్న సెన్సర్ నుంచి సోనీలో ఉండే ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్‌కి మారితే, అదే ఎపర్చర్ (ఎఫ్ అంకె) దగ్గర, సెన్సర్ సైజు వల్ల వచ్చేది రెండున్నర రెట్లు. అంటే మీ బ్యాగులో ఆల్రెడీ ఉన్న చవక లెన్సు మీరు కొనబోయే బాడీ కంటే ఎక్కువ పని చేస్తోంది. 50 ఎందుకు వాడట్లేదో కూడా అర్థమైంది, 80డీ మీద అది 80 లెన్సులా ఇరుకుగా చూపిస్తుంది, చిన్న పబ్బులో వెనక్కి జరగడానికి చోటుండదు, అందుకే చెయ్యి 18-135 మీదకి పోతోంది. దానికి మందు కొంచెం వైడ్‌గా ఉండే వేగమైన లెన్సు, సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 35 ఎఫ్/2 లాంటిది. కోఠి వైపు షాపుల్లో తిరిగినా, తెలిసిన ఫొటోగ్రాఫర్లని అడిగినా దొరుకుతుంది. సిగ్మా 18-35 ఎఫ్/1.8 అని ఇంకోటి చాలామంది చెప్తారు, మంచిదే, కానీ అది క్రాప్ సెన్సర్ (80డీలో ఉండే చిన్న సెన్సర్) కోసం చేసింది, రేపు ఫుల్ ఫ్రేమ్‌కి పోతే ఫొటోలో సగం కంటే తక్కువే మిగులుతుంది, అందుకే 35 అన్నా.

ఇవన్నీ ఫైనాన్స్ వాడికెందుకయ్యా అంటారేమో, నాకూ ఈ జబ్బు ఉండేది లెండి. 2019లో నికాన్ సామాను మొత్తం అమ్మి సోనీకి మారా. 1,62,000 పెట్టి కొన్నది అమ్మితే 71 వేలొచ్చింది. బాడీ, లెన్సు ధరే లెక్కేసుకున్నా గానీ, బ్యాటరీలు, కార్డులు, ఫ్లాష్, ట్రిగ్గర్ అన్నీ మళ్ళీ కొనాల్సొచ్చి ఇంకో 27 వేలు పోయాయి. మా పిన్ని కూతురి సంగీత్‌కి కొత్త కెమెరా పట్టుకెళ్ళి సైలెంట్ షట్టర్ పెట్టి గొప్పగా తీశా, ఇంటికొచ్చి చూస్తే ఎల్ఈడీ లైట్ల వల్ల పెళ్ళికూతురి మొహం నిండా అడ్డచారలు. పిన్ని ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు మీ కొటేషన్‌కి వద్దాం. అందులో నాకు అన్నిటికన్నా ముందు కనిపించింది, లేని వస్తువు. 70-200 అమ్మేస్తున్నారు సరే, దాని బదులు ఏది? కాలేజీ ఫెస్టులో స్టేజీకీ మీకూ మధ్య బారికేడ్, దాని ముందు పిల్లలు, అక్కడ్నుంచి 24-70తో డ్రమ్మర్ మొహం ఎలా తీస్తారు? ఆర్నెల్లకి మళ్ళీ టెలీ లెన్సు (దూరాన్ని దగ్గరికి తెచ్చేది) కావాలంటారు. టామ్రాన్ 70-180 అయినా లక్ష దాటుతుంది, సోనీ సొంత జీఎం లెన్సయితే రెండు లక్షల పైమాటే. అంటే మీ ప్లాను అసలు ఖర్చు 2,85,000 కాదు, తక్కువలో తక్కువ దగ్గర దగ్గర నాలుగు లక్షలు. మీ 70-200ని అడాప్టర్ పెట్టి సోనీ మీద వాడొచ్చు, నిజమే, కానీ చీకట్లో ఫోకస్ తడబడితే మీ బాధ మళ్ళీ మొదటికే.

ఈఎంఐ కూడా చూడండి. 1,85,000కి 15 శాతం చొప్పున 18 నెలలైతే నెలకి సుమారు 11,540. వడ్డీ 22,700 దాకా, క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 4,100. నో కాస్ట్ అన్నాడు సార్ అంటారు. సున్నా వడ్డీ అనేది లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది, సాధారణంగా క్యాష్ ఇస్తే వచ్చే డిస్కౌంటే అక్కడ వడ్డీ రూపంలో పోతుంది. షాపులో "మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తావ్?" అని ఒక్కసారి అడిగి చూడండి, ఆ తేడాయే మీ వడ్డీ.

ఖర్చా ఇన్వెస్ట్‌మెంటా అన్నారు కదా. మీరు పంపిన లెక్క ప్రకారం పోయినేడు 34 షోలు, 2,04,000 వచ్చింది, క్యాబులు, తిండి, ఎడిటింగ్ సబ్‌స్క్రిప్షన్ కలిపి 52 వేలు పోయాయి. షోకి మిగిలేది 4,470. వడ్డీతో కలిపి 3,12,000 తిరిగి రావాలంటే 70 షోలు, అంటే రెండేళ్ళకి పైనే, అదీ ఆ డబ్బులోంచి మీరు ఒక్క రూపాయి వాడుకోకుండా ఉంటే. సరే, అది కూడా పక్కన పెట్టండి, నేనడిగేది ఒకటే, కెమెరా మారితే ఆర్గనైజరు 6 వేలకి బదులు 8 వేలిస్తాడా? ఆయన ఫొటో చూసేది ఫోన్‌లో, ఇన్‌స్టాలో. మీరు రాసినదాంట్లో ఒక్క ఆర్గనైజరు కూడా నాయిస్ (ఆ గింజలు) గురించి కంప్లైంట్ చేసినట్టు లేదు. రేటు పెరగనప్పుడు అది ఖర్చే, సరదాకి పెట్టే ఖర్చు తప్పని నేననను, కాకపోతే దాన్ని ఎఫ్‌డీలోంచి పెట్టకూడదు. మీ ఇంటి ఖర్చు నెలకి 45 వేలు, ఎఫ్‌డీ 2,40,000, అది అయిదు నెలల ఊపిరి. లక్ష తీస్తే మూడు నెలలు. ఐటీలో ఉన్నారు, బెంచ్ మీద కూర్చున్న ఫ్రెండ్స్ మీకూ ఉండే ఉంటారు.

మార్చిలోపు కొంటే ట్యాక్స్ కలిసొస్తుందని ఫ్రెండ్ చెప్పాడన్నారు. అసలు ఆ 2,04,000 రిటర్నులో చూపిస్తున్నారా? లెక్కలు రాసి చూపిస్తేనే కెమెరా మీద ఏడాదికి 15 శాతం తరుగుదల వేసుకోవచ్చు, 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాది అందులో సగమే. మార్చిలో కొంటే సగమే వస్తుందన్నమాట, పరుగెత్తక్కర్లేదు. లెక్కలు లేకుండా శాతం లెక్కన లాభం చూపించే పద్ధతిలో పోతే తరుగుదల విడిగా రాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కెమెరా మీద కట్టే 18 శాతం కూడా మీ ఖర్చే, వెనక్కి రాదు.

నేను మీ చోట ఉంటే ఇలా చేస్తా. ఈ నెల 35 ఎఫ్/2 ఒకటి కొంటా, 18-135ని చీకటి పనికి వాడ్డం ఆపేస్తా. వేరే సేవింగ్స్ అకౌంట్ ఒకటి తెరిచి ప్రతి షోకి 2 వేలు అందులో పడేస్తా, 34 షోలకి 68 వేలు. వచ్చే సీజన్లో పెద్ద షోలు రెండు చూసుకుని కెనాన్ ఆర్6 మార్క్ 2 బాడీ, దాని ఈఎఫ్ అడాప్టరు (మీ కెనాన్ లెన్సులు దానికి తగిలించేది) అద్దెకి తెస్తా, రోజుకి రెండు మూడు వేలనుకున్నా రెండు షోలకి ఆరు వేల లోపే. అద్దె ఎందుకంటే, మీ కెమెరాలో నిజంగా పాతబడింది నాయిస్ కాదు, ఫోకస్. 80డీ మధ్య ఫోకస్ పాయింటు మైనస్ 3 ఈవీ (వెలుతురు కొలత, ఎంత మైనస్ అయితే అంత చీకటి) వరకే పట్టుకుంటుంది, ఆర్6 మార్క్ 2కి కంపెనీ చెప్పేది మైనస్ 6.5, పైగా కంటిని వెతికి పట్టుకుంటుంది. పొగ మధ్యలో ఊగుతూ పాడేవాళ్ళ దగ్గర ఆ తేడా తెలుస్తుంది. మీ 70-200, 50, కొత్తగా కొన్న 35 అన్నీ దాని మీద మామూలుగానే పనిచేస్తాయి, ఎస్‌డీ కార్డులు, 80డీ బ్యాటరీలు కూడా. 80డీ సెకండ్ బాడీగా ఉంటుంది. ఆ రెండు షోల ఫొటోలు చూపించి రేటు 8 వేలు అడగండి, నలుగురిలో ఇద్దరు ఒప్పుకున్నా చాలు, అప్పుడు బాడీ ఒక్కటే కొనడం గురించి మాట్లాడదాం. అద్దెది వాడాక కూడా సోనీయే కావాలనిపిస్తే అప్పుడు రాయండి, కాదనను.

చీటీ పాడేద్దామా అని చివర్లో చిన్నగా రాశారు. పాడితే 36 వేలు పోతుందని కూడా మీరే రాశారు. దాని జోలికి పోకండి.

ఇంకోటి, 70-200కి షాపువాడు 62 వేలంటున్నాడన్నారు కదా. రేపు ఫోన్ చేసి అమ్మట్లేదని చెప్పేయండి. ఇంకో అయిదు వేలు పెంచుతానంటాడు, అప్పుడు కూడా.