చెరువుల జాబితాలో మీది ఎంత?

ప్రశ్న: మాది అనంతపురం. మూడేళ్లు బైకు మీద తిరిగి శింగనమల నుంచి కళ్యాణదుర్గం దాకా చెరువుల సంగతులు రాసుకున్నాను. నా పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని, క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 లైసెన్సుతో నెట్‌లో పెట్టాను. 2024 ఆగస్టులో ఒక యాప్ వాళ్లు మొత్తం ఎత్తుకుని తమదే అన్నారు. చెరువుల పేర్లు, ఆయకట్టు లెక్కలు మాత్రం నేను ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి తీసుకున్నవే. సర్కారుదే కదా అని ఆ సంగతి రాయలేదు. నా పేజీ తీసేసి, 'సర్వహక్కులు నావి' అని పాత తేదీతో మళ్లీ పెట్టి కేసు వేయొచ్చా?

జవాబు: మీ కేసును తేల్చేది ఆ 'మాత్రం' అన్న వాక్యమే. 'ఇది సర్కారు డేటా, మేమూ అక్కడే తెచ్చుకున్నాం' అని అవతలి వకీలు మొదట అదే పట్టుకుంటాడు. 2017లో నోటిఫై అయిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు ప్రకారం మూలం చెప్పి తీరాలి. మీ పేరు వేయలేదని కోర్టుకెక్కే మీరు, మీరు తెచ్చుకున్న చోటు పేరు వేయకపోతే ఎలా? ఈరోజే వేయండి.

ఆయకట్టు ఎన్ని ఎకరాలన్న వాస్తవం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. కష్టపడితే చాలదు, నైపుణ్యం, విచక్షణ కనబడాలని తీర్పుల సంకలనాలు వేసే ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఏరి కూర్చిన తీరు, మీ మాటల్లో రాసిన వివరణలు, అవే మీ ఆస్తి.

పాత తేదీ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. మీరిచ్చిన సీసీ బై లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. తేదీ మార్చి కోర్టుకు చూపిస్తే దొంగసాక్ష్యం సృష్టించినట్టే. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. గెలవాల్సిన మీరే ముద్దాయి అవుతారు.

నోటు పుస్తకం, ఫోన్‌లోని ఫొటోలు, అసలు ఫైలు కదిలించకండి. ముఖ్యంగా మీ వివరణల్లోని అక్షర దోషాలు వెతకండి. మీరు చేసిన తప్పే వాళ్ల యాప్‌లోనూ కనిపిస్తే, కాపీ కొట్టారనడానికి అంతకన్నా బలమైన రుజువు దొరకదు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డులను ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయించాలి.

నష్టపరిహారానికి గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. అంటే 2027 ఆగస్టు లోపు. అయితే ఉచితంగా ఇచ్చినదానికి పెద్ద మొత్తం ఆశించొద్దు.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, మీ పేరు, లైసెన్సు పేరు, లింకు వేయమని అడగండి. మీ పేరు వేయకపోవడంతో సీసీ బై కింద వాళ్లు వాడుకునే హక్కు పోయింది; తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే ఆ హక్కు తిరిగి వస్తుంది, జరిగిన ఉల్లంఘనకు మీ దావా మాత్రం పోదు. మొండికేస్తే కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కింద అనంతపురం జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. వాళ్ల ఊరికి తిరగక్కర్లేదు.