డయాలసిస్ యూనిట్‌లో కొత్తగా చేరిన నర్సమ్మాయికి

తల్లీ,

ఉద్దానంలో పోస్టింగ్ వచ్చిందని విన్నాను. మిషన్ పని నెలా రెండు నెలల్లో చేతికొస్తుంది. మనుషుల సంగతికే ఎక్కువ రోజులు పడుతుంది, అందుకే ఈ ఉత్తరం.

కొత్త పేషెంట్ ప్రతిసారీ అడుగుతాడు, "ఇంకెన్నాళ్లమ్మా?" అని. "తొందర్లోనే తగ్గిపోతుంది బాబాయ్" అని మాత్రం అనకు. కొత్తలో ఒకాయనతో నేను అలాగే అన్నాను. ఇది తగ్గేది కాదని, డయాలసిస్ ఆపకూడదని తెలిశాక ఆయన మనసు విరిగిపోయి వారం రోజులు రాలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే అర్ధరాత్రి మోసుకొచ్చారు. ఆ ఆయాసం నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఇది మానకూడదని మొదటి వారంలోనే నెమ్మదిగా చెప్పు. కిడ్నీ మార్పిడి గురించి డాక్టరుగారిని అడిగించు.

తిండి దగ్గర చాలా ఓపిక కావాలి. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషిని కొబ్బరినీళ్లు తాగొద్దంటున్నాం! ఎందుకో చెప్పకపోతే ఎలా వింటాడు? అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. అరటిపండూ అంతే. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండమని ఇంట్లో వాళ్లకు చెప్పు. "నీళ్లు తగ్గించు" అని ఊరికే అంటే లాభం లేదు. ఆవకాయ తిన్న నోరు దాహమనక మానదు, ముందు ఉప్పు తగ్గాలి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో చాలావాటికి పొటాషియమే కలుపుతారు, అది అసలు వద్దను.

సోమవారం వచ్చేవాళ్లకు శుక్రవారం నుంచి గ్యాప్ ఎక్కువ, పైగా మధ్యలో ఆదివారం భోజనం. ఒంట్లో నీరు చేరి బరువు బాగా పెరిగి వస్తారు. అందరి ముందూ తిట్టకు, తిడితే మరోసారి ఏం తిన్నారో దాచేస్తారు. అంత నీరు మిషన్‌తో ఒక్కసారే లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అయిపోయాక వెంటనే లేపకు, కాసేపు కూర్చోబెట్టి అప్పుడు లేపు.

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనూ కలిపిన చోటు, ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు. ఆ చేత్తో బరువులు మోయొద్దని, దానిమీద పడుకోవద్దని చెప్పు. రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద రెండు వేళ్లు ఆనించి, రక్తం పారే అదురు చూసుకోవడం నేర్పు. అదురు ఆగిందంటే డయాలసిస్ రోజు దాకా ఆగకుండా అప్పుడే రావాలి. బయట బెంచీ మీద పేషెంట్ భార్య కూర్చుని ఉంటుంది. ఆవిణ్ణీ లోపలికి పిలిచి, ఆ అదురు ఆవిడ వేళ్లకూ తెలిసేదాకా పట్టి చూపించు.